గుర్రంతో చికిత్స: హిప్పోథెరపీయా, అడాప్టివ్ రైడింగా, నేల మీద సెషన్లా? ఎవరికి ఏది సరిపోతుంది

"గుర్రం ఎక్కిస్తే బాబుకి మంచిదట" అని ఎవరో చెబుతారు. ఫోన్ తీసి వెతికితే హిప్పోథెరపీ, ఈక్విన్ థెరపీ, థెరప్యూటిక్ రైడింగ్ అని ఒకదాని వెనక ఒకటి పేర్లు వచ్చి పడతాయి. అన్నిటి ఫొటోల్లోనూ గుర్రం మీద నవ్వుతున్న పిల్లాడే కనిపిస్తాడు. లోపల జరిగే పని మాత్రం ఒక్కో చోట ఒక్కో రకం. ఒకచోట ఫిజియోథెరపిస్టు గుర్రం నడకతో నడుముకు పట్టు తెప్పిస్తుంటే, ఇంకోచోట శిక్షకుడు స్వారీ నేర్పుతుంటాడు. మరోచోట ఎవరూ గుర్రం ఎక్కరు, సైకాలజిస్టు పక్కన నిలబడి మాట్లాడిస్తుంటారు. తేడా తెలియకుండా చేరితే నాలుగైదు నెలల డబ్బూ కాలమూ పోయాక గానీ తప్పు దారి పట్టామని తెలియదు.

సెరెబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, ఆందోళనతోనో పాత భయంతోనో సతమతమవుతున్నవాళ్లు ఈ ఎంపిక దగ్గరే ఆగిపోతుంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

## ముందు తేల్చుకోవాల్సినవి

లక్ష్యం. ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. "బాబు బాగుపడాలి" అని రాస్తే దేన్నీ ఎంచుకోలేరు. "ఆసరా లేకుండా నేల మీద ఐదు నిమిషాలు కూర్చోవాలి", "తన వంతు వచ్చేదాకా గొడవ చేయకుండా ఆగాలి", "రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం తగ్గాలి" అని రాస్తే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మొదటిది ఒంటి పని, రెండోది నడవడిక, మూడోది మనసు. మూడూ ఒకే సెషన్లో తీరుస్తామనే కేంద్రం ఉంటే ఆచితూచి అడుగేయండి.

బాధ్యత ఎవరిది. గుర్రం తనంతట తాను చికిత్స చేయదు. దాని కదలికను, స్వభావాన్ని వాడుకునే మనిషికి ఉన్న చదువే చికిత్స స్థాయిని తేలుస్తుంది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. వాళ్లకు ఆ నమోదుకు గుర్తుగా సీఆర్ఆర్ నంబరు ఉంటుంది. అడిగితే చెప్పాలి. ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు అయితే డిగ్రీ ఎక్కడ చేశారో, పిల్లలతో ఎన్నేళ్లు పనిచేశారో అడగండి.

ఒంటి పరిస్థితి. తొందరలో చాలామంది దాటేసేది ఇదే. గుర్రం ఎక్కే ముందు డాక్టరు రాతపూర్వకంగా సరేననాల్సిన సందర్భాలు చాలానే ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి మెడలోని మొదటి రెండు పూసల మధ్య కీలు వదులుగా ఉంటుంది. గుర్రం కుదుపుకు వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది కాబట్టి మెడ ఎక్స్‌రే, నరాల పరీక్ష రెండూ కావాలి. ఎక్స్‌రే బాగుందని నరాల పరీక్ష మానకూడదు. సెరెబ్రల్ పాల్సీలో తుంటి కీలు గిన్నెలోంచి పక్కకు జరుగుతూ ఉండొచ్చు. కాళ్లు వెడల్పు చేసి కూర్చోబెట్టే ముందు తుంటి ఎక్స్‌రే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించాలి. వెన్ను వంకర 30 డిగ్రీలు దాటినా, ఫిట్స్ అదుపులో లేకపోయినా, ఎముకలు పెళుసుగా ఉన్నా, ఈమధ్యే వెన్నుకో తుంటికో ఆపరేషన్ జరిగినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పిరుదుల మీద ఒరుపు పుండ్లు ఉన్నా స్వారీ పక్కన పెట్టాల్సి రావచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లకు గుర్రం వెంట్రుకలతోనూ ఎండుగడ్డి దుమ్ముతోనూ బాధ రావచ్చు. ముందు ఒక పూట లాయం దగ్గర ఊరికే కూర్చోబెట్టి చూడండి.

దూరం. వారానికి ఒకసారైనా క్రమంగా వెళ్లలేకపోతే ఏ రకమూ పనిచేయదు. కండరాలు బిగుసుకునే పిల్లల్ని రెండు గంటలు కారు సీటులో కూర్చోబెట్టి తీసుకెళ్లి, అరగంట గుర్రం మీద సడలించి, మళ్లీ రెండు గంటలు కూర్చోబెట్టి తెస్తే సాధించిన సడలింపు దారిలోనే పోతుంది.

## ఒక్క చూపులో తేడాలు

| విధానం | నడిపించేది ఎవరు | గుర్రం ఎక్కుతారా | ప్రధానంగా దేనికి | వయసు |
|---|---|---|---|---|
| హిప్పోథెరపీ | ఫిజియో, ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపిస్టు | అవును, కదలికను థెరపిస్టు నిర్ణయిస్తారు | నడుము పట్టు, బ్యాలెన్స్, నడక, శ్వాస, మాట | సాధారణంగా 2 ఏళ్లు నిండాక |
| అడాప్టివ్ రైడింగ్ | ప్రత్యేక శిక్షణ ఉన్న రైడింగ్ టీచరు | అవును, స్వారీ నేర్చుకుంటారు | నడవడిక, ఏకాగ్రత, ఆత్మవిశ్వాసం, ఒంటి దారుఢ్యం | సాధారణంగా 4 ఏళ్లు నిండాక |
| నేల మీద మానసిక చికిత్స | సైకాలజిస్టు, పక్కన గుర్రాలు తెలిసిన నిపుణుడు | లేదు | ఆందోళన, పాత గాయాల భయం, నమ్మకం | మాట్లాడి ఆలోచించగలిగే వయసు నుంచి |
| లాయం పనులు, మాలీషు | టీచరు, సాయీసు (గుర్రాల్ని చూసుకునే మనిషి) | లేదు | ప్రశాంతత, దినచర్య, చేతుల పని | ఏ వయసైనా |
| మామూలు రైడింగ్ క్లాసు | కోచ్ | అవును | వ్యాయామం, ధైర్యం | ఒంటరిగా కూర్చుని మాట వినగలిగాక |
| గుర్రం యంత్రం | ఫిజియోథెరపిస్టు | యంత్రం మీద | నడుము పట్టు | థెరపిస్టు చెప్పినట్టు |

## హిప్పోథెరపీ: ఒంటి కోసం

గుర్రం నడిచేటప్పుడు దాని వీపు మూడు రకాలుగా కదులుతుంది. ముందుకూ వెనక్కూ ఊగుతుంది, పక్కలకు వాలుతుంది, కొద్దిగా మెలి తిరుగుతుంది. మనిషి నడుస్తుంటే కటి భాగం కదిలే తీరు కూడా దాదాపు ఇదే. సొంతంగా నడవలేని పాప గుర్రం మీద కూర్చుంటే నడిచేవాళ్ల నడుముకు అందే కదలిక ఆమె నడుముకూ అందుతుంది. నిమిషానికి సుమారు 100 అడుగుల లెక్కన 25 నిమిషాల్లో 2,500 సార్లు ఒళ్లు పక్కకు ఒరగబోయి మళ్లీ మధ్యకు రావాలి. గదిలో బంతి మీద కూర్చోబెట్టి ఇన్నిసార్లు చేయించడం ఏ థెరపిస్టుకూ సాధ్యం కాదు. పైగా గుర్రం ఒంటి వేడి మనకన్నా కాస్త ఎక్కువ, 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. పల్చటి ప్యాడ్ మీద కూర్చున్నప్పుడు ఆ వెచ్చదనానికి తొడ లోపలి కండరాలు సడలుతాయి.

ఇందులో జీను వాడటం తక్కువ. మెత్తటి ప్యాడ్, దాన్ని బిగించే నడికట్టు, దానికి రెండు పిడులు ఉంటాయి. ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు. అటొకరు ఇటొకరు పక్కన నడుస్తారు. వాళ్లలో ఒకరు థెరపిస్టే కావచ్చు. పిల్లాడికి పగ్గాలు ఇవ్వరు. గుర్రం ఎలా కదలాలో థెరపిస్టు చెబుతుంటారు. అడుగు పొడుగు పెంచితే కటి ముందుకూ వెనక్కూ ఎక్కువ ఊగుతుంది. గుండ్రంగా తిప్పితే బయటి వైపుకు బరువు మళ్లుతుంది, ఆ వైపు నడుము పనిచేయక తప్పదు. నడక నుంచి ఆపి మళ్లీ నడిపిస్తే పొట్ట, వెన్ను కండరాలు ముందే సిద్ధపడటం నేర్చుకుంటాయి. కొంతసేపు వెనక్కి తిప్పి కూర్చోబెడతారు, గుర్రం పిరుదుల మీద చేతులానించి మోచేతులు చాపిస్తారు. స్పీచ్ థెరపిస్టు ఉంటే నడుము నిలిచి శ్వాస లోతుగా అందుతున్న ఆ సమయంలోనే మాట చేయిస్తారు. "నడు", "ఆగు" అనే మాటలు నోట రాగానే గుర్రం నడుస్తుంది, ఆగుతుంది. మాటకు వెంటనే ఫలితం కనిపించడం పిల్లలకు గొప్ప ప్రోత్సాహం.

తప్పులు జరిగేదీ ఇక్కడే. పక్కన నడిచేవాళ్లు గుర్రం మీద చెయ్యి ఆనించి బరువు వేస్తే ప్యాడ్ ఒక పక్కకు జారుతుంది, పిల్లాడు వంకరగా కూర్చునే అలవాటు పడతాడు. పిల్లాడి నడుమును గట్టిగా పట్టేసుకుంటే నడుము చేయాల్సిన పనంతా ఆ చేతులే చేసేస్తాయి. తొడ మీద ముంజేతిని తేలిగ్గా ఆనించి పట్టుకోవడం మేలు. నడిపించేవాళ్లు గుర్రం మూతిని లాగుతూ నడిస్తే అడుగు చిన్నదై కదలిక చచ్చిపోతుంది. కుంటుతున్న గుర్రం ఇచ్చే కదలిక ఒక పక్కకే ఉంటుంది, అలాంటి గుర్రం మీద సెషన్ చేయించడం కన్నా ఇంటికి తిరిగి రావడం మంచిది. తొడలు బాగా బిగుసుకునే పిల్లలకు వెడల్పు వీపు గుర్రం పనికిరాదు, సన్నటి నడుము గుర్రం కావాలి. స్పర్శ తక్కువ ఉన్న కాళ్లయితే దిగాక బట్టలు తప్పించి తొడలూ పిరుదులూ చూడాలి. ఎర్రటి మచ్చ అరగంటకూ తగ్గకపోతే తర్వాతి సెషన్‌కు ప్యాడ్ మార్చాలి.

ఆధారాల మాటకొస్తే, సెరెబ్రల్ పాల్సీ పిల్లల్లో కూర్చునే పట్టు, పెద్ద కండరాల కదలిక మెరుగుపడ్డాయని పలు అధ్యయనాలు చూపించాయి. చాలావాటిలో పిల్లల సంఖ్య తక్కువ. ఆపేశాక ఆ మెరుగు ఎంతకాలం నిలుస్తుందో చెప్పే ఆధారం పలుచన. అందుకే దీన్ని మామూలు ఫిజియోథెరపీకి తోడుగా వాడుకోవాలి. ఉన్న ఫిజియోథెరపీ మానిపించి ఇందులోకి రమ్మనే చోట చేరవద్దు.

ఖర్చు ఎక్కువ కావడానికి కారణం స్పష్టమే: ఒక్క బిడ్డ కోసం ముగ్గురు మనుషులూ ఒక గుర్రమూ అరగంట పనిచేయాలి. గుంపుగా నలుగురు పిల్లల్ని తిప్పుతూ హిప్పోథెరపీ అనే బోర్డు పెట్టారంటే అక్కడ జరిగేది వేరే ఏదో.

## అడాప్టివ్ రైడింగ్: నేర్చుకుంటూ మారడం

డెన్మార్క్‌కు చెందిన లిజ్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి మోకాళ్ల కింద చచ్చుపడ్డాయి. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఇంకొకరి సాయం కావాల్సిన ఆమె 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ (గుర్రం చేత వరుస కదలికలు తీరుగా చేయించే) పోటీలో వెండి పతకం గెలిచింది. వైకల్యం ఉన్నవాళ్లకు స్వారీ నేర్పాలన్న ఆలోచన యూరప్‌లో ఊపందుకోవడానికి ఆ పతకం పెద్ద కారణం. బ్రిటన్‌లో రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్, అమెరికాలో ఇప్పుడు పాథ్ ఇంటర్నేషనల్ అని పిలిచే సంస్థ రెండూ 1969లోనే మొదలయ్యాయి.

థెరప్యూటిక్ రైడింగ్ అని పిలిచేదీ దీన్నే. ఇక్కడ బిడ్డ చికిత్స పొందేవాడిగా కాక స్వారీ నేర్చుకునే విద్యార్థిగా ఉంటాడు. జీను ఉంటుంది, రికాబులుంటాయి, పగ్గాలు చేతికొస్తాయి. కోన్ల చుట్టూ తిప్పడం, రంగు చెప్పగానే ఆ రంగు ఉంగరం తీసుకుని కర్రకు తగిలించడం, ముగ్గురు పిల్లలు వరుసగా ఒకరి వెనక ఒకరు నడవడం లాంటివి చేయిస్తారు. మాట కన్నా బొమ్మ త్వరగా అర్థమయ్యే పిల్లలకు "హెల్మెట్, ఎక్కడం, నడవడం, ఆగడం, దిగడం, థాంక్స్ చెప్పడం" అని వరుస బొమ్మల కార్డులు పెడతారు.

ఆటిజం ఉన్న పిల్లలకు ఈ గుర్రం పద్ధతులన్నిటిలో గట్టి ఆధారం ఉన్నది ఈ రకానికే. 6 నుంచి 16 ఏళ్ల వయసున్న 127 మంది మీద అమెరికాలో జరిగి 2015లో ప్రచురితమైన అధ్యయనంలో సగం మందికి 10 వారాలు స్వారీ నేర్పారు, మిగతా వాళ్లకు గుర్రం లేకుండా లాయంలోనే వేరే కార్యక్రమాలు చేయించారు. స్వారీ చేసినవాళ్లలో చిరాకు, అతిచురుకుదనం తగ్గాయి. మాట్లాడే మాటలు పెరిగాయి. పోలికకు పెట్టిన గుంపు కూడా అదే లాయంలో ఉండటం వల్ల ఆ మార్పు ఊరి గాలిదో కొత్త చోటుదో అని కొట్టిపారేయలేం.

తల్లిదండ్రులు ముందుగా పడే ఇబ్బంది హెల్మెట్. తల మీద బరువు, గడ్డం కింద పట్టీ చాలామంది ఆటిజం పిల్లలు భరించలేరు. మొదటి రోజే గుర్రం దగ్గర పెట్టబోతే గుర్రమంటేనే భయం పట్టుకుంటుంది. పది రోజుల ముందే ఇంట్లో మొదలుపెట్టండి: మొదట చేతిలో పట్టుకోవడం, తర్వాత పట్టీ లేకుండా తల మీద అర నిమిషం, ఆపైన పట్టీ పెట్టి టీవీ చూస్తూ ఐదు నిమిషాలు. సైకిల్ హెల్మెట్ పనికిరాదు. స్వారీకి తయారుచేసిన, వెనక మెడదాకా తల కప్పే హెల్మెట్ కావాలి. ఒకసారి గట్టిగా నేలకు తగిలిందంటే బయటికి పగులు కనిపించకపోయినా మార్చాలి.

రికాబులో పాదం ఇరుక్కుంటే పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. అందుకే పక్కన రబ్బరు పట్టీ ఉండి, పడినప్పుడు పాదం లాగుడుకు విడిపోయే రికాబులు గానీ, పాదం లోపలికి జారకుండా ముందు తొడుగున్నవి గానీ వాడతారు. కాళ్లకు చెప్పులు వేసుకుని వచ్చిన పిల్లల్ని ఎక్కించే చోటు నమ్మదగింది కాదు.

బరువుకు లెక్క ఉంది. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు. 400 కిలోల గుర్రమైతే మొత్తం 80 కిలోలు, అందులో జీను 8 కిలోలు పోతే మిగిలేది 72. ఒక పక్కకు ఒరిగే రైడరైతే గుర్రానికి అదే బరువు ఇంకా భారం, కాబట్టి ఇంకా తక్కువకే ఆగాలి. ఎదిగిన కుర్రాళ్లకు, పెద్దవాళ్లకు ఈ లెక్క వల్లే కొన్నిచోట్ల కాదంటారు. ఆ జాగ్రత్త ఉన్న చోటు మంచి చోటు.

## నేల మీద మానసిక చికిత్స: ఎక్కకుండా

గుర్రం వేట జంతువుల నుంచి పారిపోయి బతికిన జాతి. దాదాపు చుట్టూ చూడగలదు, ముఖానికి సరిగ్గా ముందూ తోక వెనకా మాత్రమే కనపడదు. పక్కవాడి భుజాలు బిగిసినా, ఊపిరి ఆగినా దానికి వెంటనే తెలుస్తుంది. చెవులు తిప్పుతుంది, తల ఎత్తుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఊపిరి నెమ్మదిగా వదిలి భుజాలు దించితే తల దించుతుంది. "నాకేం కోపం లేదు" అని నోటితో అనేవాళ్లకు గుర్రం వేసిన ఆ ఒక్క అడుగు చూపించి "అది ఎందుకు వెనక్కి వెళ్లింది?" అని అడగడంలోనే ఈ చికిత్స మొదలవుతుంది.

1999లో మొదలైన ఈగాలా అనే సంస్థ పద్ధతిలో ఇద్దరు నిపుణులు ఉండి తీరాలి. ఒకరు మానసిక చికిత్సకులు, ఇంకొకరు గుర్రాల సంగతి తెలిసినవారు. సాధారణంగా చేయించేది ఇలా ఉంటుంది: ఆవరణలో రెండు మూడు గుర్రాల్ని వదులుతారు. తాడు కట్టకుండా, కొట్టకుండా, తిండి ఆశ చూపకుండా ఒక గుర్రాన్ని రెండు కర్రల మధ్య నుంచి దాటించమంటారు. కొందరు వెనక నుంచి తోస్తారు, కొందరు అరుస్తారు, కొందరు అయిదు నిమిషాలకే వదిలేసి కూర్చుంటారు. ఇంట్లో, ఆఫీసులో తాము చేసేది కూడా అదేనని వాళ్లకే తడుతుంది.

అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు మ్యాన్ ఓ వార్ ప్రాజెక్టు పేరుతో 63 మంది మాజీ సైనికులకు వారానికి ఒకటి చొప్పున 8 గుంపు సెషన్లు చేయించారు. ఒక్కోటి 90 నిమిషాలు. యుద్ధం తర్వాత పట్టి పీడించే భయం, దిగులు తగ్గినట్టు 2021లో ప్రచురించారు. పోల్చడానికి వేరే గుంపు పెట్టలేదు కాబట్టి దీన్ని ఆశ కలిగించే తొలి అడుగుగానే తీసుకోవాలి. మందులూ మాటల చికిత్సా సాగుతుండగానే దీన్ని జత చేసుకోవాలి.

ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవాళ్లు, భ్రమలు అదుపులో లేనివాళ్లు, జంతువుల్ని హింసించే అలవాటున్నవాళ్లు ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి. అది తేలకుండా గుర్రం దగ్గరికి తీసుకెళ్తే మనిషికీ ప్రమాదమే, గుర్రానికీ ప్రమాదమే.

ఈ రకంలో లోపం ఏంటంటే, పేరు పెట్టుకోవడం తేలిక. నాలుగు గుర్రాలున్న ఫామ్‌హౌస్ ఏదైనా "హీలింగ్" అనొచ్చు. సైకాలజిస్టు ఎవరు, ఆయన సెషన్ అంతసేపూ ఆవరణలోనే ఉంటారా, మధ్యలో మనిషి ఏడ్చి కూలబడిపోతే ఏం చేస్తారు అని అడగండి. మూడో ప్రశ్నకు తడుముకుంటే వేరే చోటు చూసుకోండి.

## లాయం పనులు, మామూలు క్లాసులు, యంత్రం, బీచ్ స్వారీ

మాలీషు చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ చేతులకూ మనసుకూ మంచి పని. రబ్బరు పళ్ల దువ్వెనతో మెడ నుంచి పిరుదుల దాకా గుండ్రంగా రుద్దితే దుమ్మూ రాలే వెంట్రుకలూ పైకి లేస్తాయి. కాళ్ల కింది భాగం, ముఖం మీద ఈ దువ్వెన వాడకూడదు, అక్కడ ఎముక పైనే చర్మం ఉంటుంది. తర్వాత గట్టి బ్రష్‌తో వెంట్రుక వాలు వెంట దులపాలి. డెక్కల్ని మడమ వైపు నుంచి ముందుకు గీరి శుభ్రం చేయాలి, ఇది టీచరు పక్కనుంటేనే. మెడ మొదట్లో, జూలు ముగిసే చోట రుద్దితే గుర్రం గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. తోటి గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునేదీ అక్కడే. స్వారీకి డాక్టరు కాదన్నవాళ్లకు, గుర్రమంటే భయపడే పిల్లలకు, వయసు మళ్లినవాళ్లకు ఇదే సరైన మొదలు. రోగం నయం చేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

హైదరాబాద్ శివార్లలో అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు ఉన్న రైడింగ్ క్లబ్బుల్లో నేర్పేది మామూలు స్వారీ. ఒంటికి ఇబ్బంది లేని టీనేజర్లకు, దిగులు నుంచి తేరుకుంటున్నవాళ్లకు వారానికి రెండు రోజుల మామూలు క్లాసు ఎంతో మేలు చేస్తుంది, ఖర్చూ తక్కువ. పరుగు పందేల నుంచి రిటైరైన గుర్రాలు చాలా క్లబ్బుల్లో ఉంటాయి. వాటిలో కొన్ని చప్పుడుకు బెదురుతాయి, కాబట్టి అకస్మాత్తుగా అరిచే పిల్లలకు అలాంటివి వద్దు.

గుర్రం యంత్రం మోటారుతో ఊగే జీను. గుర్రాలు అందుబాటులో లేని ఊళ్లో, ఎలర్జీ ఉన్నవాళ్లకు, ఎండ పడనివాళ్లకు పనికొస్తుంది. నడుము కదిలిస్తుంది, వేగం అంకెల్లో మార్చొచ్చు. గుర్రం ఒంటి వేడి, వాసన, మాటకు స్పందించడం ఉండవు. బతికున్న గుర్రంతో సమానమన్న ప్రచారం నమ్మవద్దు.

విశాఖ బీచ్‌లో గుర్రమెక్కి రెండు రౌండ్లు తిరగడం సరదా. హెల్మెట్ ఉండదు, పక్కన నడిచే మనిషి ఉండడు, గుర్రం అలసిందో లేదో చూసేవాళ్లు ఉండరు. వైకల్యం ఉన్న బిడ్డను "అలవాటవుతుంది" అని దాని మీద ఎక్కించకండి.

## ఎవరికి ఏది

సెరెబ్రల్ పాల్సీ ఉన్న అయిదేళ్ల బిడ్డ, ఇంకా ఆసరా లేకుండా కూర్చోలేదు. తుంటి ఎక్స్‌రే బాగుంటే హిప్పోథెరపీ. వారానికి ఒకటి, కుదిరితే రెండు సార్లు, గుర్రం మీద 20 నుంచి 30 నిమిషాలు. అది దొరక్కపోతే అడాప్టివ్ రైడింగ్‌లో సర్దుకోవద్దు, జిల్లా సత్వర చికిత్సా కేంద్రం డీఈఐసీలో ఉచితంగా దొరికే ఫిజియోథెరపీని క్రమంగా చేయించడమే మేలు. ఏడెనిమిదేళ్లకు బిడ్డ తానుగా కూర్చోగలిగితే అప్పుడు అడాప్టివ్ రైడింగ్‌కు మారొచ్చు.

ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల బాబు. అడాప్టివ్ రైడింగ్. రెండు వారాలు లాయం పనులతో మొదలుపెట్టి తర్వాత ఎక్కించే చోటు దొరికితే ఇంకా మంచిది. మాట రావడమే మీ ప్రధాన లక్ష్యమైతే స్పీచ్ థెరపిస్టు ఉన్న హిప్పోథెరపీ. ముందుగా పూర్తి అంచనా కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) చేయించి ఆ రిపోర్టు కేంద్రానికి ఇవ్వండి.

డౌన్ సిండ్రోమ్. మెడ పరీక్షలు తేలేదాకా నేల మీదే. తేలాక వయసును, కండరాల పట్టును బట్టి పై రెండిట్లో ఒకటి. నడకలో మార్పు, మెడ నొప్పి, మూత్రం మీద అదుపు తప్పడం ఎప్పుడు కనిపించినా స్వారీ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటిన యాభై ఏళ్ల మనిషి. బీపీ అదుపులో ఉంటే, రక్తం పలచబడే మందుల సంగతి న్యూరాలజిస్టుతో తేల్చుకున్నాక, ఫిజియోథెరపిస్టుతో హిప్పోథెరపీ. అసలు సమస్య ఎక్కించడం దగ్గరే వస్తుంది. ర్యాంపు లేదా గట్టి మెట్ల దిమ్మె లేని చోట ఇద్దరు మనుషులు ఎత్తి కూర్చోబెడతారు, పట్టు లేని భుజం అక్కడే దెబ్బతింటుంది. ర్యాంపు లేకపోతే వద్దనండి.

ఆందోళన, పాత గాయం, కుటుంబంలో దూరం. నేల మీద మానసిక చికిత్స. గుర్రమంటే భయమైనా సరే, ఆ భయాన్నే పనికి వాడుకుంటారు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబం. కేంద్రం పాథ్ ఇంటర్నేషనల్ సభ్యత్వం, థెరపిస్టు లైసెన్సు రెండూ చూడండి. ఇన్సూరెన్స్‌కు అడిగేటప్పుడు మాట జాగ్రత్త. ఎస్8940 అనే కోడ్ కింద హిప్పోథెరపీ అని బిల్లు వేస్తే చాలా కంపెనీలు ఇవ్వవు. ఫిజికల్ లేదా ఆక్యుపేషనల్ థెరపీ ప్రణాళికలో గుర్రం కదలికను ఒక సాధనంగా వాడుతుంటే ఆ థెరపీ కోడ్ కింద ఎలా బిల్లు వేస్తారో థెరపిస్టునే అడిగి, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ముందే రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. అడాప్టివ్ రైడింగ్‌కు సాధారణంగా సొంత డబ్బే.

## చేరే ముందు ఒక పూట చూసి రండి

ఫోన్‌లో మాట్లాడి డబ్బు కట్టకండి. ఇంకొకరి సెషన్ జరుగుతుండగా వెళ్లి నిలబడితే చాలా తెలుస్తుంది. గుర్రం చెవులు వెనక్కి అంటుకుని ఉన్నాయా, తోక ఆపకుండా విసురుతోందా, జీను బిగిస్తుంటే కరవబోతోందా చూడండి. ఇవి నొప్పికో విసుగుకో గుర్తులు. జీను కింద వీపు మీద పుండ్లు, తెల్లబడ్డ వెంట్రుకల మచ్చలు ఉంటే ఆ లాయంలో గుర్రాల సంరక్షణ సరిగా లేదు. రోజుకు ఒక్కో గుర్రంతో ఎన్ని సెషన్లు చేయిస్తారో అడగండి. అలిసిన గుర్రం అడుగు తడబడుతుంది, దాని మీద ఉన్న బిడ్డకు అందే కదలికా తడబడుతుంది.

గుర్రాలకు గ్లాండర్స్ పరీక్ష చేయించారా అని తప్పకుండా అడగాలి. మనుషులకూ సోకగల ఈ జబ్బు మన దేశంలో ఇప్పటికీ బయటపడుతూ ఉంటుంది, పశువైద్యుల ధ్రువపత్రం చూపించమనండి. లాయం నేలలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి కాబట్టి బిడ్డకూ మీకూ టీటీ ఇంజెక్షన్ కాలం దాటలేదని చూసుకోండి.

బిడ్డ జారితే, ఫిట్ వస్తే గుర్రం మీద నుంచి ఎలా దించుతారో చేసి చూపించమనండి. నడిపించే మనిషి గుర్రం తల దగ్గరే నిలబడాలి, పక్కనున్నవాళ్లలో ఒకరు మాత్రమే బిడ్డను తన వైపుకు లాగి దించాలి. ఇద్దరూ చెరో వైపు లాగితే దెబ్బలు తగిలేది అక్కడే. ఎవరు దించాలో సెషన్‌కు ముందే చెప్పుకునే జట్టు ఉందంటే మంచి చోటుకు వచ్చినట్టే.

ఎండాకాలంలో మన దగ్గర ఉదయం ఎనిమిది లోపే ముగించాలి. హెల్మెట్ లోపల వేడి త్వరగా పెరుగుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు చెమట సరిగా పట్టక ఒంటి వేడి అదుపు తప్పుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకు వేడిలో బలహీనత ఎక్కువవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం స్లాట్ ఇచ్చే చోటుకు వాళ్లు వెళ్లకూడదు.

చేరాక 10 నుంచి 12 వారాలు గడువు పెట్టుకోండి. మొదటి రోజు మీరు కాగితం మీద రాసుకున్న లక్ష్యానికి ఒక చిన్న పరీక్ష కట్టండి: నేల మీద ఎంతసేపు కూర్చుంది, మెట్లు ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, వారంలో ఎన్ని రాత్రులు నిద్ర చెడింది. నాలుగు వారాలకోసారి అదే గదిలో, అదే వేళ ఫోన్‌లో వీడియో తీయండి. కేంద్రం వాళ్లు గుర్రం మీద తీసిన వీడియోలో మెరుగు ఇంట్లో కనపడకపోతే అది లెక్కలోకి రాదు. గడువు ముగిసేసరికి ఏ మార్పూ లేకపోతే థెరపిస్టుతో కూర్చుని లక్ష్యం మార్చండి, లేదా ఆపేసి ఆ డబ్బును ఇంటి దగ్గరి థెరపీకి మళ్లించండి. వానలకు ఆవరణ బురదై సెషన్లు పోయిన వారాల్ని గడువులోంచి తీసేయండి, ప్యాకేజీ కట్టే ముందు ఆ సెషన్లు తర్వాత ఇస్తారా లేదా అన్నది రాయించుకోండి.